పోతమ్మ కొలిమిలో పిడి ఎటు తిరిగితే అటు

ఆదివారం పొద్దున్నే అప్పలసూరి భార్య గౌరీశ్వరిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని గాజువాక నుంచి సబ్బవరం బయల్దేరాడు. పోర్టులో కాంట్రాక్టు పని పోయింది. అనంతగిరి కొండల్లో టూరిస్టులను నడిపించే గైడు ఉద్యోగం కొట్టి తీరాలని పంతం పట్టాడు. ఖాళీ ఒక్కటే. పరీక్ష రేపే. దారిలో కంపలు కొట్టడానికి ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకోవాలన్నారు టూరు కంపెనీ వాళ్లు. బల్లిని చూస్తే మంచమెక్కే మనిషివా అని వాళ్లు అడగలేదు, ఇతను చెప్పలేదు.

కత్తి చేతికిస్తే తగువులొస్తాయి కదా. అందుకని సబ్బవరంలో కత్తులు చేసి అమ్మే పోతమ్మ దాన్ని తన కొలిమి ముందు నేల మీద పెడుతుంది. కత్తి కాసేపు ఆలోచించుకుని, తాను ఎవరిదో వాళ్ల వైపు పిడి తిప్పుతుంది. అక్కడ అందరూ అలాగే కొంటారు.

పోతమ్మ కంపలు కొట్టే కత్తి పెట్టింది. అది గిర్రున తిరిగి అప్పలసూరికి మొన చూపించింది. పిడి గౌరీశ్వరి వైపు.

"ఇంకోటెట్టు, అత్తా."

చేగొడ్డలీ అంతే. మడత చాకైతే తెరుచుకుని మరీ మొన చూపించింది.

"నువ్వు అవతలికెల్లెహే! నీ గాలి తగుల్తంది," అని పెళ్లాన్ని కసిరాడు.

గౌరీశ్వరి రోడ్డు దాటి టీకొట్టు దగ్గర నిలబడింది. పిడి టీకొట్టు వైపు తిరిగింది.

ఇక లాభం లేదని అప్పలసూరి కంపకత్తిని రెండు చేతులా పట్టి లాగాడు. కత్తి కదల్లేదు. నడుం కదిలింది.

"ఏటి సేత్తన్నావ్?" అంటూ వచ్చి గౌరీశ్వరి దాన్ని పుల్లలా ఎత్తింది. గాల్లో ఒకసారి ఆడించింది. "మావా, రేపు నాను ఎల్తాను."

"నువ్వా? కొండల్లోకా?"

"సింహాచలం మెట్ల మీద నువ్వు సగంలో కూలబడితే నీ సంచీ మోసిందెవరు? నాకూ ఎల్లాలనుందేమోనని ఒక్కనాడైనా అడిగినావేటి?"

"మరి నాను?"

"వంట సేద్దువు. అత్తా, ఈయనకి ఉల్లిపాయల కత్తొకటి సూడు."

పోతమ్మ చిన్న కత్తి పెట్టింది. అది చాలాసేపు ఆలోచించి, మొహమాటంగా అతని వైపు పిడి తిప్పింది.

మర్నాడు పెందుర్తి జంక్షన్లో జీపు ఆగింది. "గైడు పరీక్షకి వచ్చిందెవరండీ?" అన్నాడు కంపెనీ యజమాని భీమశంకరరావు.

'నానేనండి' అన్న మాట అప్పలసూరి నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే గౌరీశ్వరి కొంగు బిగించి, కొండల వైపే చూస్తోంది.

"గౌరీశ్వరి గారండి," అన్నాడు.

పెళ్లయిన దగ్గర్నుంచి అతని నోట ఆ 'గారు' రావడం అదే మొదలు. ఆవిడ వెనక్కి తిరగలేదు. ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది.