దీపాలమ్మ వత్తి

సినిమా తెర మీద నా పేరు మూడు సెకన్లు ఉంది. 'కథా సహకారం: గురునాథం, దీపాలమ్మ గుడి పూజారి' అని పసుపుపచ్చ అక్షరాలతో పడింది. ఆ మూడు సెకన్ల మోజులో నేను ఏం చేశానో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆవిడ సుబ్బరావమ్మకు కొంత తెలుసు. షాజాదక్కకు అంతా తెలుసు. మా ఊరికి కూడా తెలుసు గానీ, తెలిసీ తెలియనట్టు ఉండటం మా ఊరికి వెన్నతో పెట్టిన విద్య.

ఊరి పేరు చెప్పను, చెప్పుకునే ముఖం లేదు. వినుకొండకు పన్నెండు కిలోమీటర్లు. పత్తి, మిరప తప్ప మూడో పంట ఎరగని నల్లరేగడి. ఊరికి పడమర దీపాలమ్మ గుడి ఉంది. ముత్తాతల నాటి నుంచీ అక్కడి పూజ మా ఇంటిదే. ఉగాది వెళ్ళాక వచ్చే పౌర్ణమికి తిరునాళ్ళ. ఆ రోజు సందెవేళ అమ్మవారి ముందు మొదటి దీపం వెలిగితేనే తిరునాళ్ళ మొదలైనట్టు లెక్క. ఆ దీపంలో వేసే మూరెడు వత్తి షాజాదక్క ఇంటి నుంచి రావాలి.

షాజాదక్క వాళ్ళు దూదేకుల సాయిబులు. పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికిన కుటుంబం. వెనకటికి ఒక వానాకాలం ఏడేళ్ళ ఆడపిల్ల ఒకతి తడుస్తూ ఊళ్ళోకి వచ్చిందట. ఏ ఇంటి తలుపు తట్టినా తియ్యలేదట. దూదేకులాయన తీశాడు. జొన్న సంకటి పెట్టాడు. పిల్ల తిని, ఏకిన దూది కుప్ప మీద పడి నిద్రపోయింది. తెల్లారి చూస్తే పిల్ల లేదు, దూదిలో పిల్ల పడుకున్న గుంట ఉంది, ఆ గుంటలో ఒక వత్తి వెలుగుతూ ఉంది. అదీ మా అమ్మవారి కథ. మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు, నేనూ చెప్పేవాణ్ణి.

అందుకని తిరునాళ్ళ రోజు షాజాదక్క పొద్దున్నే తలంటుకుని, పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా, చేనులో ముందుగా విచ్చిన పత్తి దాచి ఉంచింది తీసి గోళ్ళతో గింజ వలుస్తుంది. తాత నాటి దూదేకే విల్లు గోడ మీంచి దించి దూదిని నాలుగు దెబ్బలు కొడుతుంది. ఆ దూదిని అరచేతుల మధ్య నులిమి వత్తి చేసి, కొత్త గుడ్డలో పెట్టుకుని గుడి గడప దాకా వస్తుంది. చెప్పులు విడిచి నిలబడుతుంది. నేను రెండు చేతులా అందుకుంటాను. నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఆమె మాత్రం నన్ను అయ్యగారనే అంటుంది.

2003 దసరాలకు చీరాల నుంచి చైతన్యకృష్ణ అనే కుర్ర డైరెక్టరు వచ్చాడు. గ్రామదేవతల మీద భక్తి సినిమా తీస్తాడట, కొత్త కథ కావాలట. అడగటమే ఆలస్యం, నేను ఆవలింతకు కూడా ఆగకుండా అంతా చెప్పేశాను. ఆ అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పంతులుగారూ, దేశానికి ఇవాళ కావాల్సిన కథ ఇదండీ. మీ పేరు తెర మీద వేస్తాను" అన్నాడు. దేశం సంగతి నేను వినలేదు. పేరు సంగతి మాత్రం రెండు చెవులా విన్నాను.

అతన్ని వెంటబెట్టుకుని షాజాదక్క ఇంటికి వెళ్ళాను. ఆమె మంచం వాల్చి, తను గడపలో నిలబడి అంతా విని, నన్ను పక్కకు పిలిచింది.

"అయ్యగారూ, అది అమ్మవారికీ మాకూ మధ్య మాట. టాకీసులో నలుగురి నోళ్ళలో పడటం ఎందుకండీ?"

"మంచి మాటే కదా అక్కా! దాచుకోవటం దేనికి?"

"మంచిదే. నలుగురూ మంచోళ్ళై ఉండొద్దూ?"

"నేను లేనా? ఎవడన్నా నోరెత్తితే నన్నడగమను. నేనున్నాగా!" అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ.

ఆ మాటకు ఆమె ఒప్పుకుంది. సినిమాకు కాదు, నా మాటకు ఒప్పుకుంది.

మాఘమాసంలో షూటింగు. ఊరంతా కల్లాల్లో మిరపకాయ ఆరబోసి ఉంది. ఆ ఘాటుకు కెమెరా అతను తుమ్మి తుమ్మి మూడు షాట్లు పాడుచేశాడు. అమ్మవారి వేషం వేసిన పాప ముక్కు చీదుతూనే షాజాదక్క ఇంట్లో సంకటి తినింది. నాచేత మా ముత్తాత వేషం వేయించారు. దూదేకుల వేషం వేసినాయన చేతి నుంచి వత్తి అందుకోవాలి, అంతే. అయిదు టేకులు పట్టింది. నిజం చెబుతున్నాను, ఆరోది కూడా అడుగుతారేమోనని ఆశపడ్డాను.

2005 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. వినుకొండలో మొదటి ఆటకు మేమంతా ట్రాక్టరెక్కి వెళ్ళాం. నా పేరు పడగానే సీట్లోంచి లేచి, వెనక్కి తిరిగి అందరికీ చూపించాను. ఈలలు వేశారు. గంట గడిచింది. పాప దూదేకుల ఇంట్లో కూర్చుని సంకటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"అమ్మవారికి సాయిబులింట్లో కూడు పెడతార్రా? ఆపరా సినిమా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

అది ముందే అనుకుని వచ్చిన అరుపని తర్వాత తెలిసింది. తెర మీదకు చెప్పులు లేచాయి. కుర్చీలు విరిగాయి. "కథ చెప్పిన పూజారి ఎవడ్రా?" అని ఇంకో కేక వినిపించింది. నేను కండువా నెత్తిన కప్పుకుని ఆడవాళ్ళ గేటు వైపు పరుగెత్తాను.

"పేరు పడ్డప్పుడు లేచి నిలబడి చూపించారుగా, ఇప్పుడు ముసుగెందుకు?" అంది సుబ్బరావమ్మ నా వెనకాలే వస్తూ.

తేలు కుట్టిన దొంగలా ట్రాక్టరు తొట్టిలో కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున, హాల్లో గొడవ చేసినవాళ్ళు గుడికే వచ్చారు. ఇరవై మంది దాకా ఉన్నారు. ముందు వీరాంజనేయులు. వినుకొండలో పురుగుమందుల కొట్టు, ఏదో ధర్మ పరిరక్షణ సంఘానికి అధ్యక్షుడు. అన్నిటికీ మించి మా ఊరి అల్లుడు. ఏడేళ్ళుగా తిరునాళ్ళలో ముందు కుర్చీలో కూర్చుని, షాజాదక్క చేతి వత్తి నా చేతికి రావటం కళ్ళారా చూసినవాడు.

"పంతులుగారూ, ఒక్కటే మాట. ఈ కథ మీరు చెప్పారా, వాళ్ళే అల్లారా?" అన్నాడు.

"బాబూ, నీకు తెలియందేముంది..." అని నసిగాను.

"నాకు తెలిసింది కాదండీ. మీరు కాగితం మీద రాసేది కావాలి. మీరే చెప్పారంటే సరే, గుడికి వేరే అయ్యవారిని చూసుకుంటాం. వాళ్ళే అల్లారంటే అదే రాసివ్వండి, మీ జోలికి ఎవడూ రాడు."

ఊరివాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. 'ఇది మన ఆచారమే కదరా' అని ఒక్కడంటే ఒక్కడు అంటాడేమోనని చూశాను. అందరూ గాలిగోపురం మీద పావురాలను చూస్తున్నారు. వాళ్ళను అని ఏం లాభం? గుండె మీద చెయ్యి వేసుకున్నది వాళ్ళు కాదు.

నా దస్తూరీ బాగుంటుంది. ఆ దస్తూరీతోనే రాశాను: 'మా గుడిలో అటువంటి ఆచారం ఏనాడూ లేదు. షాజాదీ అను ఆవిడ ఇంటి నుండి వత్తి గానీ, దూది గానీ ఎన్నడూ రాలేదు. సినిమా వారు కల్పించినది.' ఆమె పేరు రాయమని వాళ్ళు అడగలేదు. కాగితం గట్టిగా ఉండాలని నేనే రాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది.

మర్నాడు పేపర్లో వేశారు. కేబుల్ టీవీ అతను మైకు పట్టుకుని షాజాదక్క ఇంటికి వచ్చాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. నేను వెళ్ళకుండా ఉండలేకపోయాను, దడి వెనక నిలబడ్డాను. ఆమె ఒక్క మాట అంటే చాలు, గోడ మీద విల్లు చూపిస్తే చాలు, నా కాగితం చిత్తు కాగితం అవుతుంది. అప్పటికే ఆమె మతపెద్దలు పట్నం నుంచి వచ్చి, గుడికి వత్తి ఇవ్వటమేమిటని ఆమెను నిలదీసి వెళ్ళారట. అటూ మాటలు పడింది, ఇటూ మాటలు పడింది. ఆమెకు నా మీద జాలి ఎందుకుండాలి?

"ఏమ్మా, దీపాలమ్మకు మీరే వత్తి ఇస్తారని సినిమాలో చూపించారు. నిజమేనా?" అని అతను అడిగాడు.

ఆమె దడి వైపు చూసింది. నన్ను చూసింది. చాలాసేపేం కాదు, ఒక్క క్షణం.

"అయ్యగారు రాసిందే నిజం బాబూ. మేమెన్నడూ ఇవ్వలేదు" అంది.

నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ముందు వచ్చింది ఆ ఊరటే. సిగ్గు ఇంటికి చేరాక వచ్చింది. నా కాగితాన్ని నిలబెట్టటానికి అరవయ్యేళ్ళ మనిషి, ఏడాదికోసారి ఉపవాసం ఉండి చేసిన పనినంతా తన నోటితోనే లేదనుకుంది. ఆ పూట అన్నం ముందు కూర్చున్నాను.

"ఆవిడ తన పరువు తీసుకుని మీ పరువు నిలబెట్టింది. వెళ్ళి కాళ్ళ మీద పడండి" అంది సుబ్బరావమ్మ.

వెళ్ళలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే తిరునాళ్ళ వచ్చింది.

సినిమా అప్పటికే హాళ్ళలోంచి ఎత్తేశారు. చైతన్యకృష్ణ ఒకసారి ఫోను చేశాడు. నేను లేనని చెప్పించాను. తిరునాళ్ళ రోజు వినుకొండ కిరాణా కొట్లో కొన్న వత్తుల ప్యాకెట్టు చింపి, నాలుగు వత్తులు కలిపి పేని మూరెడు చేశాను. అమ్మవారు ఏదైనా గుర్తు చూపిస్తుందని లోపల భయంగా ఉంది. దీపం ఆరిపోతే బాగుండుననీ ఉంది. ఆరలేదు. చక్కగా వెలిగింది. ఎవరూ ఏమీ అడగలేదు, ప్రసాదం బాగుందన్నారు.

ఆ ఏడాదంతా ఆ వీధి మొహం చూడలేదు. మళ్ళీ తిరునాళ్ళ నాలుగు రోజులుందనగా, ఇక ఉండలేక వెళ్ళాను. షాజాదక్క అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. లేచి మంచం వాల్చబోయింది. వద్దని నేల మీదే కూర్చున్నాను.

"అక్కా, ఈసారి వత్తి ఇవ్వు" అన్నాను.

"మేమెన్నడూ ఇవ్వలేదు కదా అయ్యగారూ" అంది.

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది. ఉన్నమాట చెప్పినట్టు మామూలుగా అంది.

"తప్పయిపోయింది. నన్ను క్షమించు."

"క్షమించటానికేముందండీ. మీకు భయమేసింది. నాకూ వేసింది. కానీ అయ్యగారూ, ఆ రోజు అంతమందిలో లేదన్నాం. ఇవాళ దొంగతనంగా గుమ్మం పక్క నుంచి ఇస్తే అమ్మవారు పుచ్చుకుంటదా? తిరునాళ్ళ రోజు మీ చేతిలో మైకుంటదిగా. వత్తి మా ఇంటిదని అందులో ఒక్క మాట చెప్పండి. నేను తెచ్చి వాకిట్లో నిలబడతా. పిలిస్తే వస్తా."

"చెబుతాను" అన్నాను. ఈసారి గుండె మీద చెయ్యి వేసుకోలేదు. వేసుకోకపోతే నిలబెట్టుకుంటానేమో అనిపించింది.

నాలుగు రోజులూ ఆ మాటే వల్లించాను. 'ఈ వత్తి షాజాదీ ఇంటిది, మా ముత్తాతల నాటి నుంచీ వారిదే, నేను రాసింది అబద్ధం.' సుబ్బరావమ్మకు ఒప్పజెప్పాను కూడా.

తిరునాళ్ళ సాయంత్రం పొద్దు వాలుతోంది. జనం కిటకిటలాడుతున్నారు. ప్రమిదలో నూనె పోసి ఉంచాను. వాకిట్లో, బెలూన్ల బండి పక్కన, షాజాదక్క నిలబడి ఉంది. చేతిలో కొత్త గుడ్డ మూట. ముఖం చూస్తేనే తెలుస్తోంది, పొద్దుటి నుంచీ మంచినీళ్ళు ముట్టలేదు. పిలవగానే రావాలని కాబోలు, చెప్పులు అప్పుడే విడిచి ఇంకో చేత్తో పట్టుకుంది. సుబ్బరావమ్మ స్తంభం దగ్గర నిలబడి నా నోటి వంకే చూస్తోంది.

మైకు అందుకున్నాను. నోరు తెరిచాను. ముందు కుర్చీలో వీరాంజనేయులు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. బెదిరించలేదు, కళ్ళెర్ర చెయ్యలేదు. నన్ను చూసి నవ్వి, నమస్కారం పెట్టాడు.

"భక్తులకు విజ్ఞప్తి" అంది నా గొంతు. "చెప్పులు గుడి బయటే విడిచి రావలసిందిగా కోరుతున్నాము."

షాజాదక్క కాసేపు అలాగే నిలబడింది. ఇంకేమైనా అంటానేమోనని ఆగినట్టుంది. తర్వాత చేతిలో చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని, మూట కొంగులో ముడి వేసుకుని వెళ్ళిపోయింది.