పోతయ్య బిగించిన వెదురు ముక్క

భద్రాచలం నుంచి పర్ణశాలకు కిరాయి జీపులు చాలానే తిరిగేవి. యాత్రికులు మాత్రం మహబూబ్ అలీ జీపు ఏదని అడిగి మరీ ఎక్కేవారు. అది చూసినప్పుడల్లా పోతయ్యకు కడుపులో నిప్పులు పోసినట్టుండేది. తనదీ జీపే, తానూ ఇరవై ఏళ్ల డ్రైవరే.

అలీ జీపులో స్టీరింగు పక్కన ఒక పిడి ఉంది. దాన్ని లాగిపెడితే యాక్సిలరేటర్ తొక్కనక్కరలేదు, బండి అదే వేగంతో సాగుతుంది. తిన్నని రోడ్డు రాగానే అలీ పిడి లాగి, కాలు సీటు మీదికి మడుచుకుని నవాబులా కూర్చునేవాడు. పోతయ్య జీపులో ఆ పిడి ఏనాడో విరిగిపోయింది.

ఒకనాడు పోతయ్య భార్య భారతమ్మ అలీ బండిలో వచ్చింది. “సాయిబు బండి ఊయల లెక్కున్నది. నీ బండెక్కితే నడుములు ఇరుగుతయి” అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ పూట పోతయ్యకు అన్నం సహించలేదు.

మర్నాడే ఒక వెదురు ముక్కను యాక్సిలరేటర్ పెడల్‌కూ సీటుకూ మధ్య బిగిసే కొలతకు చెక్కుకున్నాడు. ఎండాకాలమంతా తానూ కాలు మడిచి కూర్చున్నాడు. అలీ ఎదురొస్తే కావాలని మోకాలు పైకెత్తి చూపించేవాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ రోజు ముందు సీట్లో భారతమ్మ, వెనక ఐదుగురు యాత్రికులు. దూరంగా ఎదురొస్తున్న అలీ జీపును చూడగానే పోతయ్య ముక్క బిగించాడు.

“వానల గిదేందయ్యా, కాలు పెట్టి తోలరాదా?”

“నీ సాయిబు తోలంగ సూడలే?”

ఎడ్లబండ్లు తెచ్చిన బురద మీద చక్రాలు జారాయి. పోతయ్య బ్రేకు తొక్కాడు. యాక్సిలరేటర్ మీద ముక్క బిగిసే ఉంది. ఇంజను తోస్తూనే ఉంది. దాన్ని పీకేందుకు వంగి లేచేలోపు జీపు గిర్రున తిరిగి పక్క కాలువలో పడింది. యాత్రికులు గీరుకున్న దెబ్బలతో బయటపడ్డారు. భారతమ్మ కుడిచెయ్యి విరిగింది.

ఆమెను దవాఖానాకు తీసుకుపోయింది అలీయే. పక్కన కూర్చున్న పోతయ్య పిడి వంక చూశాడు. అది లోపలికి నెట్టి ఉంది. అలీ కాలు పెడల్ మీద మెత్తగా ఆనుతోంది.

“ఇయ్యాల గుంజలేదేంది, భాయ్?”

“వానల ఎన్నడు గుంజిన, పోతన్నా? బండి జారంగనే కాలు ఎత్తాలె, వేగం తగ్గాలె. పిడి గుంజి ఉంటే ఎట్ల తగ్గుతది?”

పోతయ్య తల వంచుకున్నాడు. ఇన్నేళ్లుగా అలీ మీదే కళ్లు పెట్టుకుని బతికినవాడు ఈ ఒక్కటి చూడలేదు. వానరోజు అలీ అందరిలాగే కాలు పెట్టి తోలేవాడు. కుళ్లుకోవడానికి అందులో ఏమీ లేదు.

భారతమ్మ చెయ్యి నేటికీ పూర్తిగా వంగదు. బండి తోలే అన్నలారా, తడి రోడ్డు ఎక్కితే బండిని పిడికీ కట్టెకూ అప్పగించకండి, మీ కాలితోనే తోలండి. పక్కవాడి సుఖాన్ని చూసి ఓర్వలేని కంటికి, ఆ సుఖం వెనకున్న జాగ్రత్త కనబడదు.