పర్రలో దిగిన పంపుకడ్డీ

నేను ఒక చేతిపంపు కడ్డీని. పొడవు పది అడుగులు, మందం మీ చిటికెన వేలంత. ఈ పొద్దున పాత ఇనుము కొనే మనిషి ఒకడు బండి దిగి వచ్చి, నా పిడి పట్టుకుని రెండుసార్లు గట్టిగా ఊపాడు. ఊడి రాకపోయేసరికి, మధ్యాహ్నం తాడు తెచ్చుకుంటానని గొణుక్కుంటూ వెళ్ళాడు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. అతను వచ్చేలోగా నా కథ చెప్పేస్తాను. తొందరలో ఏదైనా ముందువెనకలైతే మీరే సర్దుకోండి.

నేను పుట్టిన కార్ఖానా పేరు నాకు తెలియదు. సలసల కాలే ఇనుము నుంచి నన్ను సాగదీసి, జింకు పూత పూసి, రెండు కొసలా మరలు తీసి, నాలాంటి మరికొందరితో కట్టగట్టి లారీ ఎక్కించారు. దిగింది గుల్లలమిట్టలో. సముద్రానికి మూడు మైళ్ళ ఇవతల, పర్ర అంచున ఉంది ఆ ఊరు. పర్ర అంటే ఏడాదిలో సగానికి పైగా మోకాటి లోతు నీళ్ళు నిలిచే బురద నేల. ఊరివాళ్ళు దాని గట్టున దొరువులు తవ్వుకుని తాగేవారు. దొరువు పెద్ద లోతుండదు. నాలుగు మెట్లు దిగితే చెంబు మునుగుతుంది.

పంపు కోసం బోరు వేయడానికి వచ్చిన మేస్త్రీ ఆ దొరువులను చూసి నవ్వాడు. ఏడడుగుల్లో గుల్లలు గట్టిపడి అయిన సున్నపురాయి పొర తగిలితే, దాన్ని దాటితేగాని అసలు నీళ్ళు రావని చెప్పి నిలువునా పొడిచేశాడు. మనుషులకు లోతు అంటే మహా గౌరవం. లోతైన మనిషి, లోతైన మాట, లోతైన బోరు అని మురిసిపోతారు. ఆ రాయి కింద ఉన్నది ఉప్పునీళ్ళనీ, పైనున్న మంచినీళ్ళకూ వాటికీ మధ్య ఆ రాయే తలుపనీ అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

పదకొండేళ్ళు ఆ గొట్టంలో పైకీ కిందికీ ఆడాను. రోజుకు వెయ్యిసార్లయినా ఎక్కి దిగి ఉంటాను. ఒక్కసారీ ఎక్కడికీ చేరలేదు. ముందు పైపొర నుంచి దిగిన తియ్యని నీళ్ళు ఎత్తాను, తర్వాత చప్పనివి, చివరికి కన్నీళ్ళంత ఉప్పనివి. ఆ చిల్లులోంచి ఉప్పు పైకి పాకి దొరువులు ఒకటొకటే చెడ్డాయి. ఊరికి ఉత్తరాన ఉన్న ఒక్క దొరువు మిగిలింది. అప్పుడు పంపుల మెకానిక్ ఖాజావలి వచ్చి మమ్మల్ని పీకి, గొట్టం నిండా బంకమన్ను కూరి మూసేశాడు. ఊరి నీళ్ళు చెడగొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది నేను మరిచిపోలేదు.

తర్వాత ఖాజావలి పెరట్లో బట్టలారేసే దండెంగా కొన్నాళ్ళు ఉన్నాను. విశ్రాంతే, కాని నాకు ఒంటికి పడలేదు. గాలి వీచినప్పుడల్లా చీరలతో పాటు నేనూ కదిలిపోయేవాణ్ణి.

అలా ఉండగా ఒక నీళ్ళ సంస్థ తరఫున సువర్చల అనే భూగర్భ శాస్త్రం చదివిన అమ్మాయి ఊరికి వచ్చింది. ఒక పెద్ద దొరువు యంత్రంతో తవ్విస్తే ఊరు గట్టెక్కుతుంది. కాని తవ్వేటప్పుడు రాయి పగిలిందా, మిగిలిన ఆ ఒక్క దొరువు కూడా పోతుంది. అందుకని పర్ర కింద రాతిపొర ఎక్కడ లోతుగా, దళసరిగా ఉందో, ఎక్కడ పైకొచ్చి పలచబడిందో ముందు పటం గీయాలంది. ఆమె దగ్గరున్నది ఒక నోటుపుస్తకం, ఒక గుడ్డ టేపు, బోలెడంత చదువు. బురదలో గుచ్చి చూసే కడ్డీ కావాలంటే ఖాజావలికి నేను గుర్తొచ్చాను. ఒక కొస సూదిగా సానబట్టి, రెండో కొసకు అడ్డపిడి అతికించి, అడుగడుక్కీ రంపంతో ఒక గాటు పెట్టాడు.

నన్ను గుచ్చే పని చెంచమ్మది. పర్రలో పీతలు పట్టి బతికే మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఏ బురద కాలు దిగేదో ఏది మనిషిని మింగేదో ఆమె పాదాలకు తెలుసు. ఎండాకాలమంతా ఆ ఒక్క దొరువులో ఊట ఊరేదాకా బిందె పక్కన కూర్చునేది కూడా ఆమే. ఖాజావలి నన్ను బలం కొద్దీ తోసేవాడు. చెంచమ్మ నన్ను వినేది. దళసరి రాయి తగిలితే నేను ఠంగుమని ఎగిరి ఆమె అరచేతిలో తన్నేవాణ్ణి. పలచటి చోట కరకరమనేవాణ్ణి. ఆ చప్పుడు వినగానే ఆమె చటుక్కున పైకి లాగేసేది.

"ఈడ అప్పడం మాదిరి ఉండాదమ్మా. ఇంక నొక్కితే ఇరిగిపోతాది" అనేది.

సువర్చల రాసుకునేది. దిగడం, తగలడం, లేవడం, పది అడుగులు నడవడం, మళ్ళీ దిగడం. పంపులో అయితే కనీసం చోటు మారేది కాదు.

మూడోరోజు గుడ్డ టేపు నాని చినిగిపోయింది. పట్నం పోయి కొత్తది తేవాలంటే రెండు రోజుల పని చెడుతుంది. చెంచమ్మ తన వల తాడు తెచ్చింది. చేతులు బార్లా చాపి, బారకొక ముడి వేసి ఇచ్చింది. వలలు కొలిచేది అలాగే కదా.

"బార అంటే ఆరడుగులే కదా చెంచమ్మక్కా?" అని అడిగింది సువర్చల.

"బారంటే బారేనమ్మా. మా అమ్మ కాడ్నించి ఇదే కొలత" అంది చెంచమ్మ.

సువర్చల ఆరడుగులని రాసుకుంది. చెంచమ్మ సరేనని తలూపింది. ఇద్దరూ తృప్తిగా అన్నం మూటలు విప్పుకున్నారు. నన్ను గట్టుమీద పడుకోబెట్టి, పక్కనే తాడు పరిచారు. ఒక ముడి నా కొస దగ్గర, దాని తర్వాతది నా నడుం దగ్గర, ఆ తర్వాతది సరిగ్గా నా పిడి దగ్గర. రెండు బారలు కలిస్తే నేను. నేను పది అడుగులు. చెంచమ్మ బార ఐదు అడుగులే! ఒంటిమీద అడుగడుగునా గాట్లు పెట్టుకుని వాళ్ళ ముందే పడుకున్నాను. ఒక్కరు చూస్తే ఒట్టు. నోరుంటే ఊరంతా వినేటట్టు అరిచేవాణ్ణి.

పటం మాత్రం ముచ్చటగా వచ్చింది. దళసరి రాయికి నీలం రంగు, పలచదానికి ఎరుపు. పాత పంపు దిమ్మె నుంచి నలభయ్యో బార దగ్గర రాయి ఎనిమిదడుగుల లోతున, అన్నిటికంటే దిట్టంగా ఉంది. దొరువుకు అదే చోటు. పటంలో అది రెండువందల నలభై అడుగులయింది. నేలమీద రెండువందలే. నేలమీద రెండువందల నలభై దగ్గర ఏముందో నాకు తెలుసు. అది నలభై ఎనిమిదో ముడి. చెంచమ్మ అప్పడం అన్న చోటు.

రెండు నెలలకు మట్టి తవ్వే యంత్రం వచ్చింది. ఆ రెండు నెలలూ నేను ఖాజావలి పెరట్లో ఎలా గడిపానో నాకే తెలుసు. సువర్చల కొత్త ఇనప టేపుతో దిమ్మె నుంచి కొలిపించి ముగ్గు పోయించింది. ఊరు ఊరంతా బిందెలతో సహా వచ్చి నిలబడింది. ఎందుకైనా మంచిదని ఖాజావలి నన్ను, సుత్తిని తెచ్చాడు. యంత్రం తొండం పైకి లేచింది. అప్పుడు చెంచమ్మ ముగ్గు మధ్యలోకి నడిచి నిలబడింది.

"ఇది కాదమ్మా ఆ చోటు. ఈడ రాయి పలచన. నా చేతికి గేపకం ఉండాది."

సువర్చల పటం విప్పి చూపించింది. "అక్కా, నీ తాడుతోనే కొలిచాం. నీ ముందే రాశాను. నువ్వే కాదంటే ఎట్లా?"

"కాయితం నాకు తెలవదు. కడ్డీ ఇట్టియ్యి వలీ."

ఊరంతా చూస్తుండగా తన చదువు మీద మాట పడిందని సువర్చలకు మొహం కందిపోయింది. ఖాజావలికి తన గాట్లమీద నమ్మకం. చెంచమ్మ నన్ను దించింది. ఆరడుగుల దగ్గర కరకరమన్నాను. ఆమె వెంటనే పైకి లాగబోయింది. "మట్టిగడ్డేమోలే అక్కా, రాయి ఎనిమిదో గాటు దగ్గర గదా ఉండాలి" అంటూ ఖాజావలి నా నెత్తిన సుత్తితో ఒక్కటి వేశాడు. ఆమె వద్దు వద్దంటుండగానే రెండోది వేశాడు.

నా కొస రాయిని దాటింది.

కింద చల్లగా ఏదో నన్ను పైకి తోసింది. ఆ తోపు నాకు పాత పరిచయమే. నా ఒంటిని పట్టుకుని సన్నటి నీటి చార పైకి వచ్చింది. చెంచమ్మ వేలితో అద్దుకుని నాలుకమీద పెట్టుకుంది. ఉమ్మేసింది.

సువర్చల నా దగ్గరికి వచ్చి వంగింది. పిడి నుంచి నేల దాకా ఉన్న నా గాట్లు లెక్కపెట్టింది. ఎనిమిదడుగుల్లో ఉండాల్సిన రాయి ఆరడుగుల్లోనే తగిలిందంటే తప్పింది చోటే, అంటే తాడు కొలతే. "అక్కా, ఒక్కసారి చేతులు చాపు" అంది. చెంచమ్మ చేతులు చాపింది. ఇనప టేపు ఆ వేలి కొస నుంచి ఈ వేలి కొస దాకా పట్టి చూసింది. ఐదు. ఆ అమ్మాయి బురదలోనే చతికిలబడి ఏడ్చింది. "నేను అడగాల్సింది అక్కా. నిన్ను కొలవకుండా నీ తాడును కొలిచాననుకున్నాను."

"ఏడవమాకమ్మా. యంత్రం దించలేదు గదా" అంది చెంచమ్మ. అని, ఖాజావలి వైపు తిరిగింది. "దాన్ని పీకమాక వలీ. పీకితే బురద జారి పైన పూడిపోతాది, బంకమన్ను రాతి బొక్క దాకా దిగదు. అదే ఉండనీ బిరడా మాదిరి."

ముగ్గురూ కలిసి నా చుట్టూ బంకమన్ను మెత్తి, కాలితో తొక్కి బిగించారు. యంత్రం నలభై అడుగులు వెనక్కి పోయి తవ్వింది. ఏడడుగుల్లో ఆపేశారు. తెల్లవారేసరికి దొరువులో తియ్యటి నీళ్ళు నిలిచాయి.

అది జరిగి ముప్పై ఏళ్ళు. పుట్టినప్పటినుంచి ఒక్కచోట కదలకుండా ఉండలేకపోయిన నేను అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. బయటికి స్థిరంగానే కనిపిస్తాను. అడుగున మాత్రం ఉప్పు రాత్రింబవళ్ళు నా కొసను కొరుకుతూనే ఉంది. ఏటా ఎండలు ముదరగానే చెంచమ్మ వచ్చి నా మెడ దగ్గర కొత్త మన్ను మెత్తుతుంది. ఇప్పుడామె కర్ర పట్టుకుని నడుస్తోంది. పటం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు.

అడుగో, వచ్చాడు. తాడు నా పిడికి రెండు చుట్లు చుట్టాడు. మూడో చుట్టు వేస్తుండగా గట్టుమీద నుంచి కేక వినిపించింది. చెంచమ్మే. అతన్ని తిట్టలేదు. చెంబుతో దొరువు నీళ్ళు ముంచుకొచ్చి చేతికిచ్చింది.

"తాగు నాయనా. ఎట్టుండాయి?"

"తియ్యంగ ఉండాయి పెద్దమ్మా."

"ఆ కడ్డీ పీకితే రేపట్నించి ఉప్పే."

అతను చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు. చుట్లు విప్పి తాడు భుజాన వేసుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. చెంచమ్మ వంగలేక వంగి బంకమన్ను ముద్ద తీయబోతుంటే, అతనే ముందు తీసి నా మెడ చుట్టూ మెత్తాడు.

"గట్టిగా తొక్కు నాయనా. నేను రాలేని ఏడు నువ్వొచ్చి తొక్కు" అంది చెంచమ్మ.

అతను చెప్పులు విడిచి తొక్కాడు.