మసి అంటని ఇత్తడి

గరగర... గరగర...

గ్యారేజీలో టంబ్లర్ మిషన్ తిరుగుతోంది. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు మొక్కజొన్న కండెల పొడిలో పొర్లి పొర్లి మెరుగెక్కుతున్నాయి.

శనివారం మధ్యాహ్నం. పరాయి దేశపు నగర శివారు ట్రుగనీనాలో గాలి ఎండుగడ్డి వాసన మోసుకొస్తోంది.

వంటింట్లో కుసుమ చెవులు రిక్కించి వింటోంది.

భర్త యోగానంద్‌కు ఇదే వ్యాపకం. ఆదివారం క్లబ్బులో గురి చూసి కాల్చడం. తొడుగులు ఏరుకుని ఇంటికి తేవడం. శనివారం వాటిని మెరుగుపెట్టి, మళ్ళీ తుపాకీమందు నింపుకోవడం. ఐటీ ఉద్యోగికి ఇదేం పిచ్చని తెలిసినవాళ్ళంతా నవ్వినా కుసుమ నవ్వలేదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఆమాత్రం సరదా ఉండొద్దూ!

అలాగే అనుకుంది... నెల క్రితం దాకా.

నెల క్రితం మిషన్‌లో పొడి పారబోయబోయి ఆగిపోయింది.

పిండిలా తెల్లగా ఉంది.

ఇదివరకు ఆ పొడి బొగ్గులా నల్లబడేది. కాల్చిన తూటా మసి అంత తేలిగ్గా వదలదు మరి.

తర్వాతి వారమూ తెల్లగానే ఉంది. ఆపై వారమూ అంతే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మరి పొగే లేకపోతే?

తోమినవాటినే మళ్ళీ తోముతున్నాడు. కాల్చడం లేదు. మరి ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి గానీ రావడం లేదే... ఎక్కడికి?

అడగొచ్చు. నోరు రాలేదు. పద్నాలుగేళ్ళ కాపురం ఒక్క ప్రశ్నకే కూలిపోతుందేమోనని భయం. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం ఇప్పుడు ఆమెతోనే లేస్తోంది, ఆమెతోనే తింటోంది.

కిందటేడు ఓసారి, సాయం చేద్దామని, దీపం కుందులతో పాటు ఆ తొడుగుల్నీ చింతపండులో నానబెట్టింది. ఇత్తడి తోమడం ఆమెకు ఒకరు నేర్పాలా! సాయంత్రానికి అవి రాగిలా ఎర్రబడ్డాయి. యోగానంద్ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఏం చేశావు కుసుమా! పులుపులో అంతసేపు ఊరితే ఇత్తడి వీక్ అయిపోద్ది. లోడ్ చేసి కాలిస్తే నా మొహం మీదే పగులుద్ది!"

అన్నీ తీసుకెళ్ళి చెత్తబిన్‌లో పోశాడు.

నిన్న, శుక్రవారం, అతను ఆఫీసుకు వెళ్ళగానే కుసుమ ఆ తొడుగుల్ని మళ్ళీ చింతపండులో నానేసింది.

ఈసారి తెలిసే.

సాయంత్రం కడిగి, ఆరబెట్టి, తిరిగి మిషన్‌లోనే పోసింది. ఎర్రదనం చూస్తాడు, అరుస్తాడు, నిజంగానే కాలుస్తున్నాడని తేలి నేను బతికిపోతాను... అనుకుంది.

మిషన్ ఆగింది. యోగానంద్ గ్యారేజీ తలుపు వేసుకున్నాడు. గంట తర్వాత తూటాల పెట్టె పట్టుకుని వచ్చాడు. అరవలేదు.

"టీ పెడతావా?" అన్నాడు.

చూడలేదా? చూసీ ఊరుకున్నాడా? మెరుగు కింద ఎరుపు కనబడలేదా?

ఆదివారం పొద్దున. కారు ఇంటిముందు సిద్ధంగా ఉంది. తుపాకీ, పెట్టె డిక్కీలోకి చేరాయి.

కుసుమ గుమ్మంలోకి వచ్చింది. క్లబ్బుకే వెళ్తున్నాడన్నది నిజమైతే — ప్రాణం మీదికి వస్తుంది. అబద్ధమైతే — ఒంటి మీద ఈగ కూడా వాలదు.

దేవుడా... ఏది కోరుకోను?

చెప్పులైనా లేకుండా పరుగెత్తింది.

"ఏవండీ, ఆగండి! ఆ తూటాలు కాల్చకండి. చింతపండులో నానబెట్టాను... రోజంతా!"

యోగానంద్ కారు అద్దం దించాడు. అరుస్తాడేమోనని చూసింది. అరవాలని చూసింది. ఒక్క తిట్టు... ఒక్కటంటే ఒక్కటి.

అతను నవ్వాడు.

"ఓస్, అంతేనా! నో వర్రీస్. ఏం కాదులే, లోపలికెళ్ళు."

కారు కదిలింది.

భర్త క్షేమంగా ఇంటికొస్తాడు. ఆ సంగతి ఇప్పుడామెకు ఖాయంగా తెలుసు.

ఎక్కణ్ణుంచి వస్తాడో తెలియదు.