పీటల మీద ఫొటో

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూ ఉండేది. ఆవిడ మాట అబద్ధం చెయ్యాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు. మాట్లాడటమంటే నాకిష్టం. అమెరికా వచ్చాక, మాట్లాడటానికి మనిషి దొరకని చోట, ఆ ఇష్టం ఇంకా పెరిగింది. అలాంటి నేను ఒకే ఒక్కసారి, నోరు విప్పి తీరాల్సిన చోట, నోరు మూసుకుని కూర్చున్నాను. 1978 అక్టోబరులో, కాలిఫోర్నియాలో, మా అమ్మాయి బడి హాల్లో.

అప్పుడు మేం లాస్ ఏంజెలెస్‌కి నలభై మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన జగన్మోహన్ విమానాల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మాకు పౌరసత్వం వచ్చి ఏడాది అయింది. మా విద్యకి ఎనిమిదేళ్ళు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు కలగాపులగమైపోయి మూడో క్లాసులో చేరినప్పుడు బడిలో అసలు నోరే విప్పేది కాదు. పిల్ల బుర్రకేదో లోపం ఉంది, వేరే బడిలో వేయండి అని ఆఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఉత్తరం చూసి "ఇదంతా నాన్సెన్స్" అని, ఏడాది పొడుగునా బడి అయ్యాక రోజూ ముప్పావుగంట దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించినవాడు దాని టీచరు జేమ్స్ ఎల్డ్రిడ్జ్. ఏడాది చివర, జూన్‌లో, మా పిల్ల క్లాసు ముందు నిలబడి పుస్తకం గడగడా చదివింది. వెనక బెంచీలో కూర్చుని నేను ఏడ్చాను.

అంతటి గురువుకి బట్టలు పెట్టకుండా ఎలా ఊరుకుంటాం? ఫోన్ చేసి ఆదివారం భోజనానికి పిలిచాను. మన పద్ధతి ప్రకారం ఇంటికి పిలిచి ఒక్కరికే బట్టలు పెట్టకూడదు కదా, అందుకని "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి "ఇద్దరం" అన్నాడు. "అయితే ఇద్దరూ రావాలి" అన్నాను. ఆయనకి చొక్కా గుడ్డ, ఆవిడకి ఆకుపచ్చ పట్టుచీర, జాకెట్టు ముక్క పళ్ళెంలో సర్ది పెట్టుకున్నాను.

ఆదివారం కారులోంచి ఎల్డ్రిడ్జ్ దిగాడు. రెండో పక్క నుంచి ఆపిల్ పై పట్టుకుని, బట్టతల ఉన్న ఒక భారీ మనిషి దిగాడు. పేరు వాల్ట్, హార్డ్‌వేర్ షాపులో పని చేస్తాడట. నేను కారు వెనక సీటులోకి కూడా తొంగి చూశాను, ఆవిడ ఎక్కడుందా అని. ఎవరూ లేరు. మా ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"ఏమండీ, పెళ్ళి కాలేదు కాబోలు. ఫ్రెండ్‌ని తెచ్చుకున్నాడు. ఇప్పుడీ చీర ఏం చెయ్యను?"

"మీ నాన్న పంపిన జరీ పంచెల చాపు ఉందిగా? చించి చెరొకటీ పెట్టెయ్."

"చాలంటారా?"

"వాళ్ళేం కట్టుకుంటారా, పెడతారా వసూ! అన్నం చల్లారిపోతోంది, త్వరగా కానీ."

మా ఆయన చెక్కలు కొట్టి చేసిన పీటలు రెండున్నాయి. వాటి మీద ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాం. పొడుగు కాళ్ళు ముడుచుకోలేక ఇద్దరూ తంటాలు పడ్డారు. బొట్టు పెట్టాను, గంధం రాశాను, తాంబూలంతో పంచెలు పెట్టి అక్షింతలు వేశాం. వాల్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. పోపు ఘాటు పట్టిందేమో అనుకుని కిటికీ తెరిచాను. అప్పటికప్పుడే ఫొటో బయటికి వచ్చే కెమెరా కొత్తగా కొన్నాడు మా ఆయన. దాంతో ఒక ఫొటో తీశాడు. నుదుట కుంకుమ, జుట్టులో అక్షింతలు, ఒళ్ళో పంచెలు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఫొటో చివర గాజులతో నా చెయ్యి పడింది.

సెప్టెంబరులో మా పక్కింటి డోరతీ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. నవంబరు ఎన్నికల్లో ఆరో నంబరు ప్రతిపాదన అని ఒకటి ఉందనీ, దానికి అవునని ఓటేస్తే పిల్లల్ని పాడుచేసే టీచర్లని బడుల్లోంచి తీసేస్తారనీ చెప్పింది. ఎలాంటి టీచర్లో ఆవిడ ఒక ఇంగ్లీషు మాటలో చెప్పింది. నాకు తెలియలేదు. తెలిసినట్టు తల ఊపాను, అది నాకున్న ఇంకో జబ్బు.

"మా ఎల్డ్రిడ్జ్ గారిని చూడాలి మీరు," అని అందుకున్నాను. "అలాంటి మనిషి ఉండడు. ఎంత పొదుపో! పదకొండేళ్ళుగా స్నేహితుడితో కలిసి ఒక్క పడకగది ఇంట్లో ఉంటున్నాడు. పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళి చూశాను, ఉన్నది ఒక్కటే మంచం."

నా దృష్టిలో అది మెచ్చుకోలు. మా ఆయన చదువుకునే రోజుల్లో నలుగురు తెలుగువాళ్ళు రెండు పరుపుల మీద పడుకుని నాలుగేళ్ళు గడిపారు. మగపిల్లలు ఒకే మంచం మీద పడుకుంటే తప్పుపట్టే మనిషిని నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఎవర్నీ చూడలేదు.

"ఒక్కటే మంచమా?" అంది డోరతీ.

"ఒక్కటే!" అన్నాను గర్వంగా. అంతటితో ఆగానా? ఫొటో తెచ్చి చూపించాను. "చాలా బాగుంది, రెండ్రోజులు ఉంచుకోనా?" అంటే చేతిలో పెట్టాను. కాఫీ కూడా ఇచ్చాను.

పది రోజుల తర్వాత మా ఆయన ఊరి పత్రిక పట్టుకుని తెల్లబోయిన మొహంతో ఇంటికి వచ్చాడు. మన బడిలో ఒక టీచరు ఇంకో మగవాణ్ణి ఏదో విదేశీ తంతుతో పెళ్ళి చేసుకున్నాడనీ, ఇద్దరికీ ఉన్నది ఒక్కటే మంచమనీ, తన దగ్గర ఫొటో ఉందనీ డోరతీ సంపాదకుడికి ఉత్తరం రాసింది. దానిమీద బడి బోర్డు మీటింగు పెట్టింది. అప్పుడు మా ఆయన, డోరతీ అన్న ఆ ఇంగ్లీషు మాటకి అర్థం మగవాణ్ణే ప్రేమించే మగవాడని నాకు విడమరిచి చెప్పాడు.

నిజం చెప్పేస్తాను. నాకు ముందు ఎల్డ్రిడ్జ్ ఉద్యోగం గురించి దిగులు కలగలేదు. అసహ్యం వేసింది. నా పీటల మీదా అనుకున్నాను. దొడ్లోకి వెళ్ళి ఆ రెండు పీటలూ సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగాను. విద్య గుమ్మంలో నిలబడి చూస్తూ "అవి డర్టీగా లేవు కదా అమ్మా?" అంది. నేను ఇంకో చెంబు నీళ్ళు పోశాను. మర్నాటికి ఆ అసహ్యం పోయింది. ఆ మనిషి రోజూ ముప్పావుగంట నా పిల్ల పక్కన కూర్చున్న సంగతి గుర్తొచ్చి నా మీదే నాకు రోత పుట్టింది.

మీటింగు గురువారం సాయంత్రం ఏడింటికి. నేను వెళ్ళి అది పెళ్ళి కాదని చెబుతానన్నాను. మా ఆయన తల పట్టుకున్నాడు.

"వసూ, వద్దు. డిఫెన్స్ ప్రాజెక్టుకి నా సెక్యూరిటీ క్లియరెన్స్ నడుస్తోంది. ఎంక్వైరీ వాళ్ళు నెక్స్ట్ వీక్ పక్కిళ్ళకి వస్తారు, డోరతీ ఇంటికి కూడా. ఆవిడ మన గురించి ఒక్క మాట అటూ ఇటూ చెప్పిందంటే నా జాబే ఉండదు. వెళ్దాం, వెనక కూర్చుని చూద్దాం. నువ్వు మాత్రం లేవకు."

"లేవను లెండి" అన్నాను. కారు దిగేముందు అద్దంలో చూసుకుని బొట్టు తీసేశాను. ఆయన చెప్పలేదు, నాకు నేనే తీసేశాను.

హాలు నిండిపోయింది. ఒక పాస్టరు అవునని ఓటెయ్యమన్నాడు. ఒక ముసలి టీచరమ్మ లేచి, ఈ చట్టం వస్తే రేపు ఎవరికి ఎవరి మీద కోపమొచ్చినా ఒక మాట అంటించి ఉద్యోగం తీయించెయ్యొచ్చని కేకలేసింది. ఈలలు, చప్పట్లు, బల్లలు చరచడాలు. తర్వాత డోరతీ లేచి ఫొటో ఇచ్చింది. బోర్డు వాళ్ళు ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు కళ్ళజోళ్ళు సర్దుకుని చూశారు. "ఇది ఎవరింట్లో జరిగిందో నేను చెప్పను. మంచివాళ్ళు, తెలియక చేశారు" అంది డోరతీ. ఆ హాల్లో నల్ల జుట్టు, చామనఛాయ ఉన్న కుటుంబం మాదొక్కటే. రెండు వందల తలలు మా వైపు తిరిగాయి.

బోర్డు అధ్యక్షుడు ఎల్డ్రిడ్జ్‌ని అడిగాడు, ఇది పెళ్ళేనా అని.

"కాదు," అన్నాడాయన. "ఒక కుటుంబం తమ బిడ్డ టీచరుకి మర్యాద చేసింది. నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నాకు అంత గౌరవం చెయ్యలేదు. వాళ్ళ పేరు చెప్పను. వాళ్ళని ఇందులోకి లాగొద్దు."

"మీ మాట ఒక్కటే మాకు చాలదు," అన్నాడు అధ్యక్షుడు. హాలు వైపు తిరిగాడు. "ఆ కుటుంబం వాళ్ళు ఇక్కడుంటే, మైకు దగ్గరికి వచ్చి అదేమిటో చెబితే వింటాం. పెళ్ళి కాదని ఒక్క మాట చాలు, ఈ ఫొటో పక్కన పెట్టేస్తాం."

ఒక్క మాట! రోజుకి పదివేల మాటలు మాట్లాడేదాన్ని. ఎల్డ్రిడ్జ్ మా వైపు చూడకుండా ఉండటానికి తన బూట్ల వైపు చూస్తున్నాడు. మా ఆయన చెయ్యి నా మోకాలి మీద గట్టిగా బిగిసింది. ఆ చెయ్యి తోసెయ్యగలను, అంత బలం నాకుంది. తోసెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అప్పుడు విద్య కదిలింది. "అమ్మా, అది వెడ్డింగ్ కాదు కదా! నేను చెప్తాను. ఐ వాజ్ దేర్," అంటూ లేచి నిలబడి చెయ్యెత్తింది. అధ్యక్షుడు చూశాడు కూడా. నేను దాని గౌను వెనక నుంచి పట్టుకుని కిందికి గుంజాను. అది కుర్చీలో కూలబడింది.

"కూర్చో! నోరు మూసుకో!" అన్నాను.

ఏడాదంతా ఆయన ఏ నోరు విప్పించడానికి పాటుపడ్డాడో ఆ నోటిని, ఆయన ఎదురుగానే నేను మూయించాను. ఆయన తలెత్తి చూశాడు. కోపం లేదు. పిల్లకి దెబ్బ తగిలిందేమోనన్నట్టు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడైనా లేచి ఉండొచ్చు. అధ్యక్షుడు ఇంకొక్కసారి అడిగి, ఎవరూ రాకపోయేసరికి ఫొటోని ఫైల్లో పెట్టించాడు.

సోమవారం ఎల్డ్రిడ్జ్ రాజీనామా ఇచ్చాడు. ఆయనే ఇచ్చాడన్నారు. మా ఆయనకి క్లియరెన్స్ వచ్చింది, డోరతీ మా గురించి చాలా బాగా చెప్పిందట. విద్య నాతో అవసరానికి తప్ప మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టమంటుంది, జడ వెయ్యమంటుంది, అంతే.

నవంబరు ఏడున నా జీవితంలో మొదటి ఓటు వేశాను. తెర వెనక ఎవరూ లేని చోట ధైర్యం తన్నుకొచ్చింది. ఆరో నంబరు దగ్గర కాదు అని నొక్కి మరీ గుర్తు పెట్టాను. మర్నాడు రేడియోలో ఆ ప్రతిపాదన ఓడిపోయిందన్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, నేను బొబ్బట్లు చేసుకుని విద్యను తీసుకుని ఎల్డ్రిడ్జ్ ఇంటికి బయల్దేరాను. "సర్‌కి సారీ చెప్తావా?" అని అది దారిలో అడిగింది. "అందుకే కదా వెళ్తున్నాం" అన్నాను. నేను లేచి చెప్పాల్సింది, నన్ను క్షమించండి అని ఇంగ్లీషులో నాలుగైదు సార్లు మనసులో అనుకున్నాను. దాన్ని కారులో ఉండమని దిగాను.

తలుపు వాల్ట్ తీశాడు. వెనక గదిలో అట్టపెట్టెలు. ఎల్డ్రిడ్జ్‌ని ఆయన జిమ్ అంటాడు. జిమ్ నాలుగు రోజుల కిందటే ఓరెగాన్‌లో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళాడనీ, అక్కడ పని దొరికితే తనూ వెళ్తాననీ చెప్పాడు. లోపలికి రమ్మనలేదు.

"నేను కాదని ఓటేశాను" అన్నాను. నేను అనుకుని వచ్చిన మాట అది కాదు. అదే వచ్చింది.

"థాంక్యూ, మిసెస్ మోహన్," అన్నాడు. కాసేపు తలుపు పిడి వైపు చూశాడు. "మీరొస్తే ఒక మాట చెప్పమన్నాడు జిమ్. మంచం సంగతీ, ఫొటో సంగతీ మీరు చెడ్డ మనసుతో చెయ్యలేదని తనకి తెలుసట. దాని గురించి బాధపడొద్దన్నాడు."

నేను ఎదురుచూశాను.

"మీటింగు గురించి ఏమైనా చెప్పమన్నారా?"

"లేదు," అన్నాడు వాల్ట్. "దాని గురించి ఏమీ చెప్పలేదు."

బొబ్బట్ల డబ్బా మర్యాదగా అందుకుని తలుపు వేసుకున్నాడు. ఆ క్షమాపణ మాటలు నా గొంతులోనే ఉన్నాయి. మళ్ళీ తలుపు తట్టొచ్చు. రెండు నిమిషాలు నిలబడి, సిగ్గుతో ముఖం చెల్లక, మెట్లు దిగి వచ్చేశాను.

"సారీ చెప్పావా?" అంది విద్య నేను కారు తలుపు వెయ్యకముందే.

"చెప్పాను."

"సర్ ఏమన్నారు?"

"పర్లేదన్నారు. నిన్ను బాగా చదువుకోమన్నారు."

దాని మొహం వెలిగింది. మూడు వారాలుగా నాకు దూరంగా కిటికీ పక్కనే కూర్చుంటున్న పిల్ల జరిగి వచ్చి, "గుడ్ అమ్మా" అని నా భుజం మీద తల ఆనించింది. నాకు దక్కకూడనిది అది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతున్నా, ఆ తల అక్కడే ఉంచుకుని కారు స్టార్ట్ చేశాను.