పొయ్యి పక్కన ప్లగ్గు

“పొయ్యి పక్కనే ప్లగ్గుంది కదా, కొత్త లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపొస్తే నీకెందుకు?” అన్నాడు డ్వేన్, పళ్లెంలో మిగిలిన గ్రేవీని రొట్టెముక్కతో తుడుచుకుంటూ.

అతని భార్య ట్రూడీ సింకు దగ్గర నిలబడి దూడలకి పాలు పట్టే సీసాలు కడుగుతోంది. పాలపీకల మడతల్లో మీగడ పట్టుకుంటుంది. వేలు దూర్చి తిప్పితే తప్ప రాదు. బయట మంచు కరిగి దొడ్డంతా బురదగా ఉంది.

ఆ ఇంట్లో ఉన్న లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. తీగ పీకితే తెర నల్లబడుతుంది. ఆ తీగా పొట్టిదే. అందుకని బల్లకి పొయ్యివైపు కొసన, గోడకి వీపు ఆనించి కూర్చుంటేనే పని సాగేది. ఆ కుర్చీ డ్వేన్ తల్లి ఆర్డిస్‌ది. లాప్‌టాపూ ఆవిడదే. దాణా బిల్లులు చూసుకోడానికి కొనుక్కుంది. ఆవిడ పోయినప్పుడు ట్రూడీకి ఎవరూ ఏదీ అప్పగించలేదు. పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున బల్ల దగ్గర ఖాళీగా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. కూర్చుంది. అంతే.

రోజూ మూత తెరవగానే ‘స్వాగతం, ఆర్డిస్’ అంటుంది ఆ యంత్రం. పేరు మార్చడం ఎలాగో మొదట్లో ట్రూడీకి తెలీదు. తెలిశాక చెయ్యి రాలేదు. బతికున్నప్పుడు ఆర్డిస్ తనకోసం పెట్టుకున్న గంటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. పదకొండింటికి ఓ గంట మోగి, తెర మూలన చిన్న చీటీ లేస్తుంది: కాఫీ పెట్టాలి, మగవాళ్ళు వస్తారు. ట్రూడీ లేచి కాఫీ పెడుతుంది. శుక్రవారం పొద్దున్నే: చేపలు మంచులోంచి తియ్యాలి. తీస్తుంది. సాయంత్రం నాలుగింటికి, పాలు పితికే వేళకి ముందు, ఇంకో చీటీ: ఇప్పుడేమీ అనకు. మొదటిసారి చూసినప్పుడు ట్రూడీ తననే అంటోందనుకుంది. తర్వాత మెల్లగా అర్థమైంది. ఆ వేళకి మామగారు కొట్టంలోంచి లోపలికి వచ్చేవాడు. ఏ ఆవు ఎక్కడ తన్నినా ఆ కోపం వంటగదిలో దిగేది. ఆర్డిస్ తనకి తానే చెప్పుకున్న మాట అది. మామగారు ఆవిడకంటే ముందే పోయాడు. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ మాట తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో ట్రూడీకి ఎంత ఆలోచించినా తేలేది కాదు. మరిచిపోయిందా, లేక ఆ మాట వినకపోతే నాలుగింటికి ఏం చెయ్యాలో తోచలేదా? ఇప్పుడు తనకీ అలాగే అయింది. ఆ వేళకి నోట్లోకి వచ్చిన మాట పళ్ళ వెనకే ఆగిపోతుంది. డ్వేన్ చెడ్డవాడు కాదు, ఏనాడూ గట్టిగా అరిచినవాడు కాదు. అయినా ఆగిపోతుంది. చనిపోయిన మనిషి చెప్పుకున్న మాటకి బతికున్న మనిషి నోరు మూసుకోవడం ఏమిటని ఒక్కోసారి నవ్వొచ్చేది. ఆ నవ్వు కూడా పైకి వచ్చేది కాదు.

ఆర్డిస్ పోయాక ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు దగ్గర పని దొరికింది ఆ లాప్‌టాప్ మీదే. డాక్టర్ ఫిచ్ ట్రక్కు నడుపుతూ ఫోనులోకి వాగినదంతా విని రాసిపెట్టాలి, బిల్లులు పంపాలి. సోమవారాలు తెరమీద మాట్లాడుకునేవాళ్ళు. తెరమీద ఆమె మొహం కింద ‘ఆర్డిస్’ అని పడేది. డాక్టరు అదే చదివి, “ఏం ఆర్డిస్, ఎలా ఉన్నావు?” అన్నాడు మొదటి రోజు. తల ఊపింది. రెండో వారం చెబుదామనుకుంది. మూడో వారానికి చెప్పడం మరీ విడ్డూరంగా ఉంటుందనిపించింది. అలా మూడేళ్ళు గడిచాయి. ఓసారి డ్వేన్‌తో అంటే పగలబడి నవ్వాడు. “ఏ పేరైతేనేం, జీతం పడుతోందిగా. అమ్మకి పోయాక ఉద్యోగం వచ్చిందన్నమాట!”

పోయిన సోమవారం డాక్టరు ఓ మాట అడిగాడు. “ఆర్డిస్, నీకు ఆవుల సంగతి తెలుసు. మంగళ, గురువారాలు మందల్లో చూడి పరీక్షలకి నాతో రా. నేను చెయ్యి పెట్టి చూసి అరుస్తుంటాను, పక్కన నిలబడి టైపు కొట్టేసేవాళ్ళు కావాలి. కాయితాల మీద రాస్తే పేడ పడి సగం పోతోంది. మోచేతి మీద పట్టేది, సాయంత్రం దాకా ఆరిపోనిది లాప్‌టాప్ ఒకటి తెచ్చుకో.”

వస్తానంది. తెర మూసేశాక అదే ఆలోచన. పిలిచింది నన్నా, ఆవిడనా? ఆవిడనే పిలిచుంటే వెళ్ళేదా? ఆర్డిస్ ఆవు డొక్క మీద చెయ్యి వేసి, ఎన్నో నెలో చెప్పేదని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఏ డాక్టరూ ఆవిడని తన కొట్టం దాటి రమ్మనలేదు. ఆవిడా అడగలేదు.

“మన దూడలకి పాలు పట్టే దిక్కులేదు, ఊళ్ళోవాళ్ళ కొట్టాల్లో నిలబడి వాళ్ళ ఆవుల లెక్క రాస్తావా?” అన్నాడు డ్వేన్ ఆ రాత్రి. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. అయినా కొత్త లాప్‌టాప్ ఎలాగూ కొనాల్సిందే కనక శనివారం ట్రక్కులో పట్నం తీసుకెళ్ళాడు. దారిలో పొయ్యి పక్క ప్లగ్గు సంగతి మళ్ళీ రెండుసార్లు ఎత్తాడు.

దుకాణంలో రెనీ అని నెరిసిన జుట్టావిడ, రెండు తీసి పక్కపక్కన పెట్టింది. రెండూ పలచగానే ఉన్నాయి. ఒకదానికి తెర పెద్దది, కుడిపక్క అంకెల మీటలు వేరే ఉన్నాయి, కానీ బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోతుంది. రెండోది ఇంకా తేలిక. తెర చిన్నది, అంకెలు పైవరసలోనే. పొద్దున్నించి రాత్రిదాకా తీగ అక్కర్లేదు.

“ఏం పనికండీ?” అంది రెనీ, డ్వేన్ వైపు చూసి.

“ఇంట్లోకి,” అన్నాడు డ్వేన్. “బిల్లులూ, వంటలూ, అన్నిటికీ. పెద్దదే నయం. నాకూ కళ్ళు ఆనడం లేదు.”

“నాకండీ,” అంది ట్రూడీ.

రెనీ తల ఇటు తిప్పింది. “అయ్యో, సరే. పట్టుకుని చూడండి మరి.”

పెద్దది పట్టుకుంది. మంచిదే. అక్షరాలు విప్పారి కనబడ్డాయి. దాణా బిల్లులు కొట్టడానికి అంకెల మీటలు చేతికి హాయిగా ఉన్నాయి. చెవి వెనక ఎవరో మెల్లగా అన్నట్టయింది, ఇంటికి అక్కరకొచ్చేది తీసుకో పిల్లా, నీకొక్కదానికి తీసుకుని ఏం చేసుకుంటావు. వెనక్కి తిరగలేదు. తిరిగితే టీవీల వరస తప్ప ఏమీ ఉండదని తెలుసు. ఆ మాట తప్పని కూడా అనిపించలేదు, అందుకే భయమేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో తను ఎంచుకున్నవన్నీ అలాంటివే. చలిపెట్టె, కారు, ఆఖరికి తన చలికోటు కూడా, అవసరమైతే డ్వేన్‌కి పడుతుందని ఓ కొలత పెద్దదే తీసుకుంది. ఒక్కటీ చెడ్డది కాదు. ఒక్కదానిలోనూ తను లేదు.

చిన్నది ఎత్తి, మూత తెరిచి, ఎడమ మోచేతి మీద ఆనించి నిలబడింది. కుడిచేత్తో మీటలు తడిమింది. కొట్టంలో ఆవు తోక విసిరితే తప్పుకోడానికి ఒక అడుగు పక్కకి వేసి చూసింది.

“ఏంటే ఆ నిలబడటం, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు!” అని నవ్వాడు డ్వేన్. “ఇంతసేపా? రెండూ తేలికే కదా?”

“ట్రాక్టరు సీటు ఎంచుకోడానికి నువ్వు రెండు చలికాలాలు తీసుకున్నావు.”

“సీటు మీద నేను రోజంతా కూర్చోవాలి మరి!”

“నేను రోజంతా నిలబడాలి.”

రెనీ దగ్గినట్టు చేసి నవ్వు దాచుకుంది. “ఏది తీసుకున్నా పాతదాంట్లోదంతా ఇందులోకి ఎక్కించిస్తాం. తెరిస్తే మీ పాతదే తెరిచినట్టుంటుంది. పేరు, ఫొటోలు, మీరు పెట్టుకున్న గంటలు, అన్నీ వచ్చేస్తాయి.”

“గంటలు కూడానా?” అన్నాడు డ్వేన్.

ఆ గొంతు విని ట్రూడీ అతని మొహంలోకి చూసింది. పొద్దున పదకొండింటికి గుమ్మంలో బూట్లు విప్పుతూ డ్వేన్ ఎందుకు అంత ఆలస్యం చేస్తాడో ఒక్కసారిగా తెలిసింది. గంట మోగేదాకా ఆగుతున్నాడు. లోపలికి వస్తే వంటగదిలో వాళ్ళమ్మ ఉంటుంది. కాఫీ వాసన ఉంటుంది. పొయ్యి పక్క కుర్చీలో ఒక ఆడమనిషి వీపు ఉంటుంది. ఆ వీపు ఎవరిదైతేనేం. అతనికి తల్లి మిగిలింది. మరి ఆ కుర్చీలో ఉన్నదెవరు? జాలేసింది. ఆ జాలితోనే పెద్దది తీసేసుకునేదే. అన్నీ ఎక్కించండి అనేసేదే. ఇంకో ఇరవై ఏళ్ళు తను ఆర్డిస్‌గా కాఫీ పెట్టి, ఏ సాయంత్రమో ఆ కుర్చీలోనే కన్నుమూసేది. అప్పుడు కూడా ఆ గంట మోగుతూనే ఉంటుంది, ఇంకొకరు లేచి కాఫీ పెడతారు.

“ఈ చిన్నది ఇవ్వండి,” అంది ట్రూడీ. “ఏమీ ఎక్కించొద్దు.”

“ఏమీనా?” అంది రెనీ.

“అమ్మవి?” అన్నాడు డ్వేన్. చిన్నపిల్లాడిలా అడిగాడు.

“అమ్మవి అందులోనే ఉంటాయి. బల్ల మీదే ఉంచుకో. తీగ మాత్రం పీకకు, ఆరిపోతుంది.”

“మరి మంగళవారం కాఫీ?”

“గంట మోగుతుందిగా. లేచి పెట్టుకో.”

ఇంటిదాకా ఇద్దరి మధ్య సీటు మీద లాప్‌టాప్ డబ్బా ఉంది. దొడ్లోకి మలుపు తిరుగుతూ, “కాఫీపొడి ఎక్కడ పెడతావు?” అన్నాడు డ్వేన్. చెప్పింది.

మంగళవారం లోయలో ఓ కుటుంబం వాళ్ళ మంద. ఆవులన్నీ కట్లలో వరసగా నిలబడి ఉన్నాయి, ఊపిరి పొగలు కక్కుతోంది. డాక్టరు ప్లాస్టిక్ తొడుగు వేసుకుని భుజందాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల తడుముతున్నాడు.

“నూటపధ్నాలుగో నంబరు. చూడి నిలిచింది. రెండో నెల. పక్కది… నిలవలేదు. రాశావా ఆర్డిస్?”

“రాశాను. డాక్టర్, ఆర్డిస్ మా అత్తగారు. పోయిందావిడ. నేను ట్రూడీని.”

డాక్టరు చెయ్యి ఆవులోనే ఉంది. కళ్ళు తెరిచాడు. “మూడేళ్ళు చెప్పలేదే!”

“మొదటి రోజు తల ఊపాను. ఆ తర్వాత దాన్ని అడ్డంగా ఎలా ఊపాలో తెలీలేదు.”

ఆయన తర్వాతి ఆవు దగ్గరికి జరిగి చెయ్యి పెట్టాడు. “సరే ట్రూడీ,” అన్నాడు, “ఇది కూడా నిలిచింది. కవలలేమో.”

టైపు కొట్టింది. తెరమీద ఆమె కొట్టిన అంకెలు తప్ప ఇంకెవరి జాడా లేదు. వెనక ఆర్డిస్ నిలబడ్డట్టే అనిపించి నాలుగుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసింది. వరస చివర తిరిగినప్పుడు, పాలగది గుమ్మంలో ఆ ఇంటి కోడలు నిలబడి ఉంది. వయసులో చిన్నది, పాతికేళ్ళు ఉంటాయేమో. చేతులు మోచేతుల దాకా ఎర్రగా, తడిగా ఉన్నాయి. చాలాసేపట్నించి చూస్తున్నట్టుంది, ఆవుల్ని కాదు.

“అక్కా, అది బరువుండదా? రోజంతా అలా మోస్తావు?”

ట్రూడీ లాప్‌టాప్ మూసింది. “చేతులు తుడుచుకో,” అంది. ఆ అమ్మాయి గబగబా ప్యాంటుకి తుడుచుకుంది. రెండు చేతులూ చాచింది. ట్రూడీ పెట్టింది.

“ఇంతేనా?” అంది ఆ అమ్మాయి.

లోపల్నించి ఎవరో గట్టిగా పిలిచారు. ఆ అమ్మాయి వింది. దాన్ని మాత్రం వెంటనే తిరిగివ్వలేదు.