నాలుగో సీటు

తిల్దాలో ఏడున్నర లోకల్ ఎక్కితే పదింటికల్లా సుభద్ర టాటీబంధ్‌లోని లారీ ఆఫీసులో ఉండేది. ఆమె వెంటే వాళ్ల నాన్న గురునాథం నీడ కూడా వచ్చేది. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా గురునాథం మంచం దిగలేదు, నోట మాట లేదు. నీడ మాత్రం ఒక్కరోజూ నాగా పెట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే బండిలో చూస్తున్న మనిషిదే కదా అని టీసీ దాన్ని పాసు అడిగేవాడు కాదు. ఆఫీసులో ప్యూను దాని ముందూ ఒక గ్లాసు చాయ్ పెట్టి, చల్లారాక తీసుకెళ్లేవాడు.

లారీలకెక్కే సరుకుకు బిల్టీలు, అంటే రవాణా రసీదులు, రాయడం గురునాథం పని. ఆ పని సుభద్రకిచ్చారు, మూడు నెలలు చూసి చెబుతామని. 1998 మే నెలలో ఆ గడువు ఆఖరి రోజున, ఆమె ముందు పెట్టిన కొత్త కంప్యూటర్ మిగతా మూడింటితో కలవనంది. కలవకపోతే ఒక్క బిల్టీ కూడా కొట్టడానికి లేదు.

"ఆ ముగ్గురివీ నడుస్తున్నాయి కదా బేటీ. నాలుగింటిదాకా చూస్తాను. లేదంటే బిలాస్‌పూర్ నుంచి పని తెలిసినవాళ్లని పిలిపించుకోవాలి," అన్నాడు యజమాని సేఠ్‌జీ. కసిరినా బాగుండేది. మెల్లగా చెప్పాడు.

భిలాయి నుంచి స్కూటర్ మీద వచ్చిన మెకానిక్ సత్తిరాజు కేబుల్ మార్చాడు. డబ్బా విప్పి లోపలి కార్డు మార్చాడు. పక్క కంప్యూటర్‌కున్న తీగ పీకి దీనికి పెట్టాడు. ఏం చేసినా తెర మీద ఒకటే మాట: ఈ సీటులో ఇప్పటికే ఒకరున్నారు.

"సాఫ్ట్‌వేర్ నాలుగు సీట్లకే, అంటే నలుగురు వాడుకోవడానికే, తీసుకున్నారమ్మా. నాలుగోది ఖాళీ అవ్వలేదు."

"నాన్న పాత కంప్యూటర్ నిన్ననే తీసేశారు కదండీ?"

"కంప్యూటర్ తీసేశారు. ఆయన లేవలేదు," అన్నాడు సత్తిరాజు గోడవైపు చూస్తూ. అక్కడ పాత కుర్చీలో కూర్చుని, నీడ ఖాళీ బల్ల మీద టకటకా వేళ్లు ఆడిస్తోంది.

సుభద్ర కుళాయి దగ్గరకెళ్లి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్నలో కదిలేది ఆ నీడొక్కటే. మంచం మీదున్న చెయ్యి ఈగనైనా తోలుకోలేదు. లేపితే ఈ కాస్త కదలికా ఆగిపోతే? లేపకపోతే రేపట్నుంచి ఇంట్లో పొయ్యి వెలగదు, మంచం పక్కన మందు సీసా ఉండదు.

రెండున్నరకి వచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

"నాన్నా, లెగు."

వేళ్లు ఆగలేదు.

"నాకు పని రాదనుకుంటున్నారు నాన్నా. నీ పక్కన కూర్చునే అంతా నేర్చుకున్నాను. ఇంక నన్ను చెయ్యనీ."

వేళ్లు ఆగాయి. నీడ అరచేత్తో బల్లని ఒకసారి తుడిచి, వంగి చెప్పులు తొడుక్కుంది. ఎండలో లారీల మధ్య నుంచి ఒంటరిగా రోడ్డెక్కింది.

సత్తిరాజు మీట నొక్కాడు. నాలుగో సీటు తెరుచుకుంది.

నాలుగింటికి సేఠ్‌జీ ఆమె కొట్టిన కాగితాలు తిప్పి చూసి, "ఠీక్ హై. రేపట్నుంచి నీ ఉద్యోగం పక్కా," అన్నాడు.

సాయంత్రం లోకల్‌లో ఆమె పక్క సీటులో ఎవరో కూరగాయల గంప పెట్టుకున్నారు. తిల్దాలో దిగి ఇంటిదాకా పరిగెత్తింది. అమ్మ కోటమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఐదింటికొచ్చిందే నీడ. తిన్నగా మంచం దగ్గరకెళ్లి ఆయన ఒంట్లో కలిసిపోనాది. అప్పట్నుంచీ నీకోసమే చూస్తన్నారు."

గురునాథం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు చాలాసేపు పెనుగులాడాయి.

"నన్ను... తీసేసారేటి?"

ఎనిమిది నెలల తర్వాత వచ్చిన మొదటి మాట అది. అబద్ధం చెప్పడానికి సుభద్రకు నోరు రాలేదు.

"వాళ్లు కాదు నాన్నా. నేనే లేపేశాను."

ఆయన కూతురి మొహంలోకి అలాగే చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బిల్టీలు... ఎన్ని కొట్టినావు?"

"పదకొండు, నాన్నా."